ముక్క కదులుతోందా? వంకర తోలు ముక్కలను చేత్తో కుట్టేటప్పుడు వచ్చే చిక్కులు, వాటి విరుగుడు

ఒకే దారం, రెండు కొసలా రెండు సూదులు. ఈ కుట్టులో రెండు చేతులూ సూదులకే సరిపోతాయి కాబట్టి తోలును పట్టుకునే పని చెక్క దవడలకు అప్పగిస్తాం. పర్సు, బెల్టు లాంటి చదును పనికి మామూలు స్టిచింగ్ పోనీ (నట్టుతో బిగించే రెండు చెక్క దవడల పనిముట్టు) చాలు. కత్తి ఒర, సంచి మూల, గొట్టంలా చుట్టిన తొడుగు, బొటనవేలంత తాళంచెవి పట్టీ వచ్చేసరికి అదే పోనీ మొరాయిస్తుంది. వెంటనే చెయ్యి నట్టు మీదికి పోతుంది, ఇంకో రెండు చుట్లు బిగిస్తాం. తోలు మీద గాట్లు పడతాయి, కదలిక మాత్రం ఆగదు. కుట్టు పడే చోటు వెనకాల తోలుకు ఆనుడు లేకపోతే ఎంత బిగించినా అంతే. కింద చెప్పినవన్నీ దాదాపు ఆ ఆనుడు ఎక్కడ తప్పిందో వెతికే దారులే.

ముందు వేలితో ఒక పరీక్ష

ముక్కను దవడల్లో బిగించి, కుట్టు గీత మీద చూపుడువేలితో పక్కకు నొక్కండి. తోలు అంచు ఒక్కటే వంగితే ముక్క దవడల పైకి ఎక్కువ లేచి ఉంది. ముక్క మొత్తం గడియారం ముల్లులా తిరిగితే దవడలు ఒక్కచోటే తాకుతున్నాయి. ముక్కతోపాటు పోనీ కూడా ఊగితే తప్పు అడుగుచెక్కది: అది తొడ కింద కనీసం ఒక అడుగు పొడవున ఉండాలి, దాని మీద మీ బరువు పడాలి. ఈ మూడింటిలో ఏదో తేలాకే నట్టు ముట్టుకోండి.

బెజ్జం వేసే ఆరె గుచ్చగానే అంచు వెనక్కి వంగుతోంది, వెనకవైపు కుట్లు వంకరగా వస్తున్నాయి

కుట్టు గీతకూ దవడల పై అంచుకూ మధ్య దూరం ఎక్కువైంది. తోలు ఎంత లేచి ఉంటే ఆరె మొనకు అంత లొంగుతుంది. వంగిన తోలులో పడిన బెజ్జం, తోలు తిరిగి నిటారుగా లేచాక ఏటవాలుగా తేలుతుంది. ముందు వరస తీగలా వచ్చి వెనక వరస పాములా రావడానికి మొదటి కారణం ఇదే. ఆరెను కాదు, ఎత్తును సరిచెయ్యాలి.

రెండు పొరలూ కలిపి 3 మి.మీ. మందం ఉంటే కుట్టు గీత దవడలకు 3-4 మి.మీ. పైన ఉండాలి. 2 మి.మీ. లోపు పలచని తోలుకు 2 మి.మీ. చాలు. సూది వేళ్లకు అందడం లేదని ముక్కను పైకి లాగకండి, దానికి మందు దవడల పై అంచును బయటివైపు ఏటవాలుగా చెక్కడం. చిత్రికతో 45 డిగ్రీల చెక్కుడు పడితే వేళ్లకు చోటు దొరుకుతుంది, తోలుకు ఆనుడూ పోదు.

ముక్క వంగకుండా మెల్లగా పైకి పాకుతుంటే దారం లాగే తీరు చూసుకోండి. రెండు చేతులూ ఒకేసారి, ఒకే వరుసలో, కుడికీ ఎడమకూ లాగాలి. అలా లాగితే రెండు లాగుళ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. భుజాల ఎత్తుకు లాగితే ప్రతి కుట్టుకూ ముక్క దవడల్లోంచి కాస్త లేస్తుంది.

కత్తి ఒర: ఎంత బిగించినా తిరుగుతోంది

మొండి ముక్కల్లో మొదటిది ఇదే. ఒర కుట్టే అంచున మూడు పొరలుంటాయి: అటూ ఇటూ 3 మి.మీ. తోలు, మధ్యలో కత్తి అంచు దారాన్ని కోయకుండా పెట్టే 3-4 మి.మీ. పట్టీ. మొత్తం 10 మి.మీ. దాకా వస్తుంది. అవతలి మడత వైపు రెండు పొరలే, పిడి దగ్గర ఉబ్బు. అంటే ముక్కలో ఏ రెండు చోట్లా ఒకే మందం లేదు.

దవడల సంగతి వేరే ఉంది. పోనీ చెక్కలు అడుగున కలిసి ఉంటాయి కాబట్టి, మధ్యలో 10 మి.మీ. సరుకు పెట్టగానే పైన నోరు తెరుచుకుంటాయి. పట్టు కింద ఎక్కడో పడుతుంది, కుట్టు దగ్గర సందు మిగులుతుంది. నట్టు బిగించే కొద్దీ ఆ కింది పట్టే గట్టిపడుతుంది తప్ప పైసందు మూసుకోదు.

రెండు చెక్కలూ విడివిడిగా బోల్టుతో కలిసే పోనీ అయితే పని తేలిక. పైన సరుకు మందం ఎంతో కింద చెక్కల మధ్య కూడా అంతే మందం ముక్క పెట్టండి. పైన 10 అయితే కింద 10. దవడలు సమాంతరంగా వస్తాయి. వెనక చెక్కలో బోల్టు బెజ్జం కాస్త వదులుగా ఉండాలి, 8 మి.మీ. బోల్టుకు 10 మి.మీ. బెజ్జం వేస్తే చెక్క సర్దుకోవడానికి చోటుంటుంది.

కింద మడతబందు వేసేసిన రెడీమేడ్ పోనీకి ఇది కుదరదు. దానికి పెదవి కట్టాలి: ప్రతి దవడ లోపలివైపు, పై అంచు వెంబడి 10 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం తోలు పట్టీ అంటించండి. అప్పుడు దవడ ఆ పెదవితోనే పట్టుకుంటుంది, ఒర ఉబ్బు దాని కింద ఖాళీలో ఊరికే ఉంటుంది. మూడు పొరలున్న అంచు వెడల్పు కూడా మామూలుగా అంతే కాబట్టి పట్టు సరిగ్గా గట్టి చోటే పడుతుంది. పిడి ఉబ్బు దగ్గరికి వచ్చాక ఇంకా ఊగుతుంటే సందులో రంపెతో (తోలు కోసే కత్తితో) ఏటవాలుగా చెక్కిన తోలు తుంట దోపండి.

ఒరలో కత్తి పెట్టి కుట్టకండి. ఆకారం నిలుస్తుందనిపిస్తుంది కానీ, సూది దాని అంచుకు తగిలితే దారం తెగుతుంది, జారితే చెయ్యి తెగుతుంది. లోపల ఆకారం కావాలంటే అదే మందం చెక్క బద్ద చాలు.

వంపు అంచు దగ్గర ముక్క ఊగుతోంది

దవడలు తిన్నగా, అంచు గుండ్రంగా. వంపు శిఖరం దగ్గర ఆనుడు బాగుంటుంది, ఇటూ అటూ నాలుగు కుట్లు దాటితే గీత దవడలకు దూరమైపోతుంది. ప్రతి 4-5 కుట్లకూ ముక్కను తిప్పి, కుట్టే చోటు ఎప్పుడూ దవడల నడుమ పైకి వచ్చేలా పెట్టండి. విసుగే, కానీ మొదటి కుట్టూ చివరి కుట్టూ ఒకేలా రావాలంటే వేరే దారి లేదు. వంపు పనులు తరచూ చేసేవాళ్లు దవడ వెడల్పు తగ్గించుకుంటారు. 60 మి.మీ. దవడ బెల్టుకు హాయి. గుండ్రని సంచి మూతకు 25 మి.మీ. దవడే నయం.

సంచి మూలలు, పక్క పట్టీలు: దవడల్లోకి దూరడమే లేదు

ఇక్కడ చిక్కు పోనీది కంటే వరుసది. సంచిని పెట్టెలా నిలబెట్టేశాక దవడలు ఎక్కడినుంచి దూరతాయి? పక్క పట్టీని ముందు ముఖానికి కుట్టేటప్పుడు వెనక ముఖం ఇంకా విడిగానే ఉండాలి. మొదటి వరస చదునుగా, సుఖంగా అయిపోతుంది. రెండో వరసకు ఒక దవడ సంచి లోపలికి, ఒకటి బయటికి రావాలి. ఇందుకే పైన చెప్పిన 25 మి.మీ. సన్న దవడ. అది లేకపోతే ఉన్న దవడల పై భాగానికి అటొకటి ఇటొకటి గట్టి తుమ్మ చెక్క బద్దలు, 25 మి.మీ. వెడల్పువి, 100 మి.మీ. పైకి పొడుచుకు వచ్చేలా మరలతో బిగించండి.

కుట్టు అడుగు నడిమినుంచి మొదలుపెట్టి ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పైకి పోవాలి. ఒక కొస నుంచి రెండో కొసకు పోతే చివర్లో పట్టీ ఒక వేలు మిగలడమో తగ్గడమో ఖాయం. మూల వంపు వ్యాసార్ధం 25 మి.మీ. కంటే తగ్గితే మందపు తోలు ముడతపడి దవడల్లో సమంగా కూర్చోదు. ఆ భాగంలో పట్టీ అంచును సగం మందానికి చెక్కండి.

సంచి బరువు వేలాడుతూ ముక్కను కిందికి లాగుతుంటే పక్కన ఒక స్టూలు వేసి దాని మీద పెట్టడమే.

పెట్టె మూల లంబకోణంలో నిలవడం లేదు

పెట్టె లోపలి కొలతకు చెక్క దిమ్మ కోసి, గోడలను దాని చుట్టూ నిలబెట్టండి. కుట్టే మూల దగ్గర దిమ్మ అంచును 5 మి.మీ. చెక్కేయాలి, లేకపోతే ఆరె మొన చెక్కలో దిగి విరుగుతుంది. చుట్టూ బిగించడానికి పాత సైకిల్ ట్యూబును నిలువునా కోసిన 20 మి.మీ. పట్టీలను మించింది లేదు. ఏ ఆకారాన్నైనా కౌగిలించుకుంటాయి, గాటు పెట్టవు. కార్బన్ మరక అంటకుండా మధ్యలో కాగితం చుట్టండి, లేత రంగు తోలుకు మరీ ముఖ్యం.

గొట్టం: అంచులు కలవడం లేదు, కుట్టేకొద్దీ మెలి తిరుగుతోంది

లోపల ఆనుడు లేని గొట్టం నలిగిపోతుంది, దాన్ని దవడల్లో పెడితే పళ్లెమవుతుంది. లోపల అచ్చు ఉండాల్సిందే. హార్డ్‌వేర్ కొట్లో దొరికే పీవీసీ పైపులు బయటి వ్యాసంలో 20, 25, 32, 40, 50, 63, 75, 90, 110 మి.మీ. వరుసలో వస్తాయి కనుక చాలా పనులకు అచ్చు సిద్ధంగా ఉన్నట్టే. తోలు పొడవు లెక్క: పైపు వ్యాసానికి తోలు మందం కలిపి 3.14తో గుణించాలి. 63 పైపుకు 3 మి.మీ. తోలైతే 66 × 3.14, అంటే 207. ఇందులో 2 మి.మీ. తగ్గించి కోస్తే దారం లాగినప్పుడు అంచులు బిగుతుగా కలుస్తాయి.

అంచుకు అంచు ఆనించి కుట్టేటప్పుడు బెజ్జం తోలు ఆరపార పోకూడదు. పైముఖం మీద అంచుకు 4 మి.మీ. దూరంలో మొదలై, కోసిన అంచు మందానికి నడుమన బయటపడాలి. దీనికి వంపు ఆరె కావాలి, తోలు 3 మి.మీ. అయినా ఉండాలి. సూది పైపును తాకదు కాబట్టి అచ్చు చివరిదాకా లోపలే ఉంటుంది.

మెలి తిరగడానికి కారణం ఒకవైపు బెజ్జం ముందుకు జరగడం. కుట్టు మొదలుపెట్టే ముందే ప్రతి 50 మి.మీ.కు ఒక చోట విడి దారంతో ముడివేయండి, కుట్టు అక్కడికి రాగానే ఆ ముడి కోసేయండి. పైపు తోలుకంటే 100 మి.మీ. పొడవు ఉంటే ఆ మిగులును వైసులో బిగించవచ్చు. వైసు లేకపోతే పాత జీన్స్ కాలులో 2 కిలోల ఇసుక పోసి రెండు కొసలూ కట్టి, దాని మీద పైపును నొక్కి కూర్చోబెట్టండి. పైపు చుట్టూ పాలిథిన్ కవరు ఒక చుట్టు చుడితే చివర్లో సులువుగా జారి వస్తుంది. మోట బావుల కాలంలో నీళ్లు కుమ్మరించే తోలు తొండం కుట్టినవాళ్లదీ ఇదే తంటా.

దవడలకే లొంగని ఆకారాలు

బూటు, పిస్తోలు తొడుగు, చెప్పు మడమ లాంటివాటికి పోనీని పక్కన పెట్టేయండి. బూట్లు కుట్టేవాళ్ల పాత పద్ధతి, తొడ పట్టీ, ఇక్కడ గెలుస్తుంది. 25 మి.మీ. వెడల్పు తోలు పట్టీని బకిల్‌తో ఉంగరంలా కలిపి, తొడ మీద పెట్టిన ముక్క మీదుగా తెచ్చి పాదం కింద వెయ్యండి. పాదం నొక్కితే బిగుతు, లేపితే వదులు. బిగించడానికీ వదలడానికీ చెయ్యి కూడా అక్కర్లేదు. పొడవు ఎవరి కాలికి వారే కొలుచుకోవాలి: మడమ కాస్త లేచి ఉన్నప్పుడు పట్టీ ఇంకా వదులుగా ఉండాలి.

ముక్క మరీ చిన్నది

తాళంచెవి పట్టీ, గడియారం పట్టీ కొస లాంటివాటిని ముందు కత్తిరించి తర్వాత కుట్టడం తప్పు. చుట్టూ 15 మి.మీ. అదనం ఉంచి, అంటించి, కుట్టి, ఆ తర్వాతే కొలతకు కోయండి. అప్పటికే కోసేసి ఉంటే రెండు అట్టముక్కల మధ్య ఇరికించి, కుట్టే అంచు మాత్రం బయటికి ఉంచి దవడల్లో పెట్టండి.

పొరలు జారి బెజ్జాలు కలవడం లేదు

జిగురు వెయ్యలేదు, లేదా ఆరకముందే కలిపేశారు. ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు రెండు ముఖాలకూ పలచగా పూసి, వేలికి అంటుకోనంతవరకు 10-15 నిమిషాలు ఆరనిచ్చి అతికించాలి. నున్నటి పైముఖం మీద అతకాలంటే ముందు ఆ 5 మి.మీ. అంచును గరుకు కాగితంతో గీకండి.

విప్పి చూస్తే తోలు మీద దవడ గుర్తులు

చెట్టు బెరడుతో పదును చేసిన తోలు, ముఖ్యంగా తడిగా ఉన్నది, గోటి గీతనూ దాచదు. దవడలకు గరుకువైపు బయటికి ఉండేలా మెత్తని తోలు అంటించండి, పూర్తిగా ఆరని ముక్కను బిగించకండి. లోతు తక్కువ గుర్తు తడిగుడ్డతో రుద్ది చెంచా వెనకవైపుతో సాపు చేస్తే చాలావరకు పోతుంది. నట్టు గాటు మాత్రం పోదు.