పగడపు మడుగులో లంగరు: జారడం కన్నా గొలుసు చిక్కుకోవడమే అసలు టెన్షన్

ఫ్రెంచ్ పాలినేషియాలో తాహితీకి ఈశాన్యంగా టువామోటు దీవులు ఉంటాయి. దీవి అంటే కొండా అడవీ ఊహించుకోకండి, గుండ్రంగా ఒక పగడపు గట్టు, దాని మీద కొబ్బరిచెట్లు, మధ్యలో పెద్ద మడుగు, అంతే. అలాంటి మడుగులో తెరచాప పడవకి లంగరు వేయడం మామూలు రేవులో వేసినట్టు ఉండదు. అడుగున ఇసుక బాగానే ఉంటుంది, లంగరు బాగానే దిగుతుంది, కానీ ఆ ఇసుకలో పుట్టగొడుగుల్లా పగడపు బండలు లేచి ఉంటాయి. వీటినే పడవలవాళ్లు బొమ్మీలు అంటారు. గాలి తిరిగినప్పుడల్లా పడవ తిరుగుతుంది, గొలుసు వెళ్లి బొమ్మీకి చుట్టుకుంటుంది.

నాకు ఇది ఒక రాత్రి బాగా తెలిసొచ్చింది. సాయంత్రం గాలి పడిపోయి పడవ మెల్లగా గింగిరాలు కొట్టింది, మేం హాయిగా పడుకున్నాం. రెండు గంటలకి గాలి అవతలి వైపు నుంచి లేచింది. 40 మీటర్ల గొలుసు వదిలాం కదా అనుకుంటే, అందులో చాలా భాగం బండ చుట్టూ ఉండిపోయి, పడవకి మిగిలింది పది మీటర్లే, అదీ నిట్టనిలువుగా. అల వచ్చి పడవ ముక్కు లేచిన ప్రతిసారీ దభేల్‌మని కుదుపు. గొలుసు జారే ముందున్న రోలరు ఊడిపోతుందేమో అనిపించింది. తెల్లారాక మాస్కు పెట్టుకుని దిగితే రెండు చుట్లు కనిపించాయి. నేను నీళ్లలోంచి చేత్తో సైగ చేస్తుంటే పైన ఉన్నతను ఇంజను మీద పడవని వెనక్కి తిప్పుతూ చుట్లు విప్పాడు. అంతలో విరిగిన పగడం విరిగింది, అది మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది.

కాబట్టి మొదటి పని, సూర్యుడు నెత్తి మీద ఉండగా చేరుకోవడం. పది నుంచి రెండున్నర లోపు, ఎండ వీపు వైపు ఉండేలా, పోలరైజ్డ్ కళ్లజోడు పెట్టుకున్న మనిషి ఒకరు ముందు నిలబడి చూడాలి. లేత నీలం ఇసుక, ముదురు నీలం లోతు, గోధుమ రంగు కనిపిస్తే అది బండ, దగ్గరికి పోకండి. మబ్బు పట్టిందంటే ఇవేవీ కనిపించవు. చార్టు, అంటే సముద్రపు మ్యాపు, మడుగు లోపల ప్రతి బండనీ చూపించదు, శాటిలైట్ ఫోటోలు ముందే ఫోన్లో దింపుకోండి. మడుగులోకి దారి ఇచ్చే గట్టులోని సందు దగ్గర పోటూ పాటూ తగ్గి నీరు నిలిచే సమయం చూసుకోండి, అయితే దక్షిణం నుంచి పెద్ద అలలు గట్టు దాటి లోపలికి పడుతున్న రోజుల్లో నీరు గంటల తరబడి బయటికే పోతుంటుంది, ఆటుపోట్ల పట్టికని గుడ్డిగా నమ్మొద్దు.

చోటు ఎంచుకోవడానికి గాలి చూడాలి. అక్కడ ఆగ్నేయం నుంచి గట్టిగా వీచే గాలిని మారాము అంటారు. అది వీచేటప్పుడు టువామోటుల్లోనే ఉన్న ఫకరావా మడుగులో ఆగ్నేయ మూలనున్న హిరిఫా లాంటి చోటు చక్కగా ఉంటుంది, గట్టు చాటు దొరుకుతుంది. అదే గాలి తిరిగి వాయవ్యం నుంచి వీస్తే కథ మారిపోతుంది, 60 కిలోమీటర్ల పొడవున్న మడుగు అది, ఆ దూరమంతా పెరిగిన అలలు మీ మీదికే వస్తాయి, వెనకాల గట్టు. గాలి మారుతుందని ఫోర్‌కాస్ట్‌లో కనపడగానే పగలే కదలండి.

ఇక లెక్క. లోతు 6 మీటర్లు, నీటి నుంచి ముక్కు ఎత్తు మీటరున్నర, ఆటుపోటు అక్కడ అర మీటరు లోపే, మొత్తం 8 అనుకుంటే దానికి అయిదింతలు, 40 మీటర్ల గొలుసు. ఇసుక మధ్యలో లంగరు వదిలి, పడవ మెల్లగా వెనక్కి జరుగుతుండగా 15 మీటర్లు నేల మీద పరవండి. మిగతా గొలుసు నేలకి తగలకుండా తేలాలి కాబట్టి, అక్కడ మొదటి తేలే బంతి కట్టండి, తర్వాత ఏడేసి మీటర్లకి ఒకటి. ముత్యాల పెంపకంలో వాడే ప్లాస్టిక్ బంతులు ఒడ్డుకి కొట్టుకొచ్చి ఉంటాయి, అవే వాడుకోవచ్చు. అర మీటరు తాడు, చివర స్టీలు కొక్కెం, చాలు. 10 మి.మీ. గొలుసు మీటరుకి సుమారు 2.3 కిలోలు, ఏడు మీటర్లు ఎత్తడానికి 15 లీటర్ల బంతి సరిపోతుంది. గొలుసు బండల తల మీదుగా తేలుతుంది. గాలి పెరిగితే బంతులు మునుగుతాయి, అదీ మంచిదే, కుదుపు తగ్గిస్తాయి. బంతి మరీ పెద్దదై పైకి తేలితే మాత్రం పక్కవాళ్ల చిన్న పడవ (డింగీ) ప్రొపెల్లరుకి తగులుతుంది, చిన్నది మార్చండి.

తర్వాత ఇంజను రివర్స్‌లో మెల్లగా పెంచుతూ అర నిమిషం ఆపండి, ఒడ్డు మీద రెండు చెట్లు ఒకే వరసలో ఉండిపోతే లంగరు పట్టినట్టు. గొలుసుకి పది మీటర్ల నైలాన్ తాడు కట్టి బరువు దాని మీదికి మార్చండి. లంగరు జారితే మోగే జీపీఎస్ అలారం మాత్రం లంగరు నేల తాకినప్పుడే పెట్టాలి, వెనక్కి జరిగాక పెడితే లెక్క తప్పుతుంది. ఆ పైన నీళ్లలోకి దిగి కళ్లతో చూసుకోండి. నల్ల మొన రెక్కల సొరచేపలు వచ్చి చూసిపోతాయి, వాటి పని అవి చేసుకుంటాయి.

వచ్చిన దారిని జీపీఎస్‌లో సేవ్ చేసి ఉంచండి, రాత్రి తప్పనిసరై కదలాల్సి వస్తే ఆ గీత మీదే పోవాలి. లంగరు తీసేటప్పుడు ముందున్న మనిషి ఒక్కో బంతి పైకి రాగానే కొక్కెం విప్పాలి, ఒకటి మర్చిపోయినా అది గొలుసు లాగే యంత్రం విండ్‌లాస్‌లో ఇరుక్కుంటుంది, నాకు రెండుసార్లు అయింది.