డాఫ్నియా గుండె మీద కెఫీన్ ప్రయోగం: రీడింగ్స్ తేడా కొడుతుంటే ఎక్కడ చూడాలి

డిగ్రీ జువాలజీ వాళ్ళు, స్కూల్ సైన్స్ ప్రాజెక్ట్ చేసే పిల్లలు ఎక్కువగా పట్టుకునే ప్రయోగం ఇది. డాఫ్నియా అంటే చెరువుల్లో కుంటల్లో ఉండే చిన్న నీటి పురుగు, వరసకి రొయ్యకి దూరపు చుట్టం, పైపెంకు పారదర్శకం కాబట్టి కొయ్యాల్సిన పని లేకుండా మైక్రోస్కోప్ కింద పెట్టగానే గుండె కొట్టుకోవడం కనిపిస్తది. కెఫీన్ నీళ్ళు వేస్తాం, బీట్ పెరిగిందా లేదా చూస్తాం, అంతే కదా అనిపిస్తది. కానీ నేను చూసినంతలో కెఫీన్ వల్ల వచ్చిందని రాసే తేడాలో చాలా భాగం అసలు కెఫీన్‌ది కాదు, వేడిదో, కంగారుదో, లెక్క తప్పుదో అయ్యుంటది. అందుకే మామూలు నీళ్ళలో రీడింగ్ నిలకడగా వచ్చేదాకా కెఫీన్ సీసా మూత తియ్యొద్దు.

మామూలు నీళ్ళలోనే బీట్ నిమిషనిమిషానికి పెరుగుతోంది

ముందు మైక్రోస్కోప్ లైట్‌ని అనుమానించండి. డాఫ్నియాకి సొంత ఒంటి వేడి ఉండదు, నీళ్ళు ఎంత వేడిగా ఉంటే గుండె అంత వేగం, పది డిగ్రీలు పెరిగితే బీట్ దాదాపు రెట్టింపు దాకా పోవచ్చు. స్లైడ్ మీద ఉండేది నాలుగు చుక్కల నీళ్ళు, కింద పాత బల్బు లైట్ ఉంటే అవి వేడెక్కడానికి ఎంతోసేపు పట్టదు. ఎల్ఈడీ లైట్ వాడండి, లెక్క పెట్టేటప్పుడు మాత్రమే వెయ్యండి, మధ్యలో ఆపేసి నీళ్ళు మార్చండి. మన దగ్గర ఎండాకాలం ల్యాబ్‌లో ఉదయం తీసిన రీడింగ్‌ని మధ్యాహ్నం రీడింగ్‌తో పోల్చడం దండగ, ప్రతి రీడింగ్ పక్కన నీళ్ళ టెంపరేచర్ రాసుకోండి.

కెఫీన్ వెయ్యగానే బీట్ ఠక్కున పడిపోయింది

ద్రావణం ఫ్రిజ్‌లోంచి నేరుగా తెచ్చారా? అయితే అది కెఫీన్ కాదు, చలి. జీవి ఉన్న నీళ్ళు, ద్రావణం, రెండూ ఒకే గదిలో పక్కపక్కన పెట్టి ఒకే టెంపరేచర్‌కి వచ్చాకే వాడండి. అది సరిగ్గానే ఉన్నా పడిపోతుంటే డోసు ఎక్కువై ఉండొచ్చు. 100 మిల్లీలీటర్లలో 100 మిల్లీగ్రాములు కలిపితే 0.1 శాతం, ఈ ప్రాణికి అదే గట్టి డోసు. అందులో 10 మి.లీ. తీసి 90 మి.లీ. నీళ్ళలో కలిపితే 0.01 శాతం వస్తది, అక్కడ నుంచి మొదలుపెట్టండి. కలిపే నీళ్ళు మాత్రం డిస్టిల్డ్ వాటర్ వద్దు, అందులో లవణాలు ఉండవు, ఆ మార్పుకే జీవి ఇబ్బంది పడతది, డాఫ్నియా పెరుగుతున్న డబ్బాలో నీళ్ళే వడకట్టి వాడండి.

కెఫీన్ పొడి దొరకలేదని ఫిల్టర్ కాఫీయో ఎనర్జీ డ్రింకో పోసేవాళ్ళు ఉన్నారు, దయచేసి వద్దు, కాఫీలో ఆమ్లాలు, పొటాషియం ఉంటాయి, డ్రింకులో చక్కెర, గ్యాస్ ఉంటాయి, తేడా వచ్చినా ఎవరి వల్ల వచ్చిందో చెప్పలేం.

బీట్ నిమిషానికి 300 దగ్గర ఆగిపోతోంది, డోసు పెంచినా కదలట్లేదు

ఇది చాలామందికి తట్టదు. పేపర్ మీద పెన్సిల్‌తో చుక్కలు పెడుతూ పది సెకన్లు లెక్కేసి ఆరుతో గుణించడం మంచి పద్ధతే, కానీ మన చెయ్యి సెకనుకి ఐదారు చుక్కల కంటే పెట్టలేదు. అంటే అక్కడ ఆగింది డాఫ్నియా గుండె కాదు, మీ చెయ్యి. ఫోన్‌ని ఐపీస్‌కి ఆనించి స్లోమోషన్ వీడియో తియ్యండి. సెకనుకి 240 ఫ్రేములతో తీసి 30తో ప్లే చేస్తే ఎనిమిది రెట్లు నెమ్మదిస్తది, అంటే అసలు పది సెకన్లు వీడియోలో 80 సెకన్లు. ఆ 80 సెకన్లలో 40 బీట్లు లెక్కకొస్తే నిమిషానికి 240 అన్నమాట, దాన్ని మళ్ళీ ఎనిమిదితో గుణించొద్దు. వీడియోలో చారలు పరిగెడుతుంటే అది కరెంటు లైట్ మినుకు, ఫోన్ టార్చ్ గానీ కిటికీ వెలుతురు గానీ వాడితే పోతది.

ఇద్దరు లెక్కపెడితే రెండు అంకెలు

ఒకరు గుండెని, ఇంకొకరు కాళ్ళని చూస్తున్నారు. పెంకు లోపల పొట్ట వైపు కాళ్ళు ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటాయి, మొదటిసారి చూసేవాళ్ళకి అదే గుండె అనిపిస్తది. గుండె ఉండేది వీపు వైపు, తల వెనకాల, పచ్చగా కనిపించే పేగుకి పైన, గుడ్లుండే సంచికి కాస్త ముందు, చిన్న స్పష్టమైన తిత్తి ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటది. ఇద్దరూ ఒకే వీడియో చూసి ముందు దాన్ని వేలు పెట్టి చూపించుకోండి.

జీవి ఆగట్లేదు, లేదా ఆపితే చచ్చిపోతోంది

కవర్‌స్లిప్ వేసి నొక్కెయ్యకండి. గుంట ఉన్న స్లైడ్‌లో రెండు మూడు దూది పోగులు వేసి వాటి మధ్య వదిలితే చాలు, చుక్కంత వాసెలిన్‌తో వీపు వైపు కాకుండా పక్కకి అంటించినా ఆగుతది. వదలగానే లెక్క మొదలెట్టొద్దు, డ్రాపర్‌తో పీల్చి పెట్టిన కంగారు తగ్గడానికి కాసేపు ఇవ్వండి. డబ్బాలోనే చచ్చిపోతుంటే కుళాయి నీళ్ళలో క్లోరిన్ చూసుకోండి, ఒక రోజు వెడల్పు గిన్నెలో మూత లేకుండా ఉంచి వాడాలి.

గ్రాఫ్ గీస్తే ఏ తేడా కనిపించట్లేదు

పెద్ద జీవిని మామూలు నీళ్ళలో, చిన్న జీవిని కెఫీన్‌లో చూశారేమో, సైజుని బట్టి, వయసుని బట్టి బీట్ మారుతది. ఒక్కో జీవికి ముందు మామూలు రీడింగ్ తీసి, తర్వాత నీళ్ళు మార్చి మళ్ళీ మామూలు నీళ్ళే పోసి ఇంకోటి తీసి, ఆ తర్వాతే కెఫీన్ రీడింగ్ తియ్యండి. మధ్యలో తీసేదే అసలు కీలకం, నీళ్ళు మార్చిన కుదుపుకే బీట్ ఎంత కదులుతుందో అదే చెప్తది. డోసు పెంచుతూ అదే జీవిని వాడొద్దు, ప్రతి డోసుకి కొత్తది తీసుకోండి. లెక్కపెట్టేవాళ్ళకి ఏ స్లైడ్‌లో ఏముందో చెప్పకండి.

ఇవన్నీ చేశాక కూడా తేడా రాకపోతే అదే రాయండి, అంకెలు దిద్దకండి. డాఫ్నియా మీద కెఫీన్ పనిచేసిందన్నవాళ్ళూ ఉన్నారు, చెయ్యలేదన్నవాళ్ళూ ఉన్నారు, మనిషి గుండెకి అయినట్టే దీనికీ అవ్వాలని ఎక్కడా లేదు.

పని అయిపోయాక కెఫీన్ తాకిన జీవుల్ని తిరిగి పెద్ద డబ్బాలో కలపకండి, మంచి నీళ్ళున్న వేరే గ్లాసులో వదలండి, ఆ డ్రాపర్ కూడా కడిగాకే డబ్బాలో ముంచండి.