పిన్‌వీల్స్ రాలేదా? ముందు కల్పిత భాగం చూడండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి విజువల్ కార్టెక్స్ (చూపుని చూసుకునే మెదడు భాగం) మోడల్ ఎత్తుకున్న పిల్లలు పంపే స్క్రీన్ ఫొటోలు దాదాపు ఒకేలా ఉంటాయి. "మాస్టారూ, మ్యాపులో రెండు రంగులే వస్తన్నాయి!" ఆ మ్యాపులో రంగంటే ఆ చోటి న్యూరాన్లు ఏ దిశ గీతకి ఎక్కువగా స్పందిస్తాయో చెప్పే గుర్తు, అన్ని రంగులూ చుట్టూ చేరి కలిసే బిందువే పిన్‌వీల్. ఆ మ్యాపు ఎలా ఎదుగుతుందో లెక్కించే స్విఫ్ట్-హోహెన్‌బర్గ్ సమీకరణాన్ని ఎఫ్‌ఎఫ్‌టీ (ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్)తో నడపడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

సమస్య: రెండే రంగులు, పిన్‌వీల్ ఒక్కటీ లేదు.

కారణం: మొదట చల్లిన నాయిస్‌లో (యాదృచ్ఛిక సంఖ్యల్లో) కల్పిత భాగం లేదు. అర్రే టైపు కాంప్లెక్స్ (సంకీర్ణం) అని పెడతారు, నింపడానికి మాత్రం ర్యాండమ్ ఫంక్షన్‌ని ఒక్కసారే పిలుస్తారు. వాస్తవ సంఖ్యలతో మొదలుపెడితే ఆ సమీకరణంలో ఏ పదమూ వాటిని సంకీర్ణం చేయదు. సంకీర్ణ సంఖ్య కోణంలో సగమే దిశ. ఇక్కడ కోణం 0 లేదా 180 డిగ్రీలు, సగం చేస్తే 0, 90. అంతే, రెండే దిశలు. వాస్తవ భాగం సున్నా అయ్యే గీత, కల్పిత భాగం సున్నా అయ్యే గీత కోసుకున్న చోటే పిన్‌వీల్. ఒక రకం గీతలే ఉంటే కోసుకునేదేముంది?

అసలు మోసం ఇక్కడుంది. ఎక్కువసేపు నడిపితే ఉన్నట్టుండి మిగతా రంగులూ వచ్చేస్తాయి. ఎఫ్‌ఎఫ్‌టీ వెనక్కి తిప్పినప్పుడు మిగిలే రౌండింగ్ పొరపాటు అతి చిన్న కల్పిత భాగమై కూర్చుంటుంది. వాస్తవ చారలు దాని ముందు నిలకడగా ఉండవు, అది ఘాతీయంగా పెరుగుతుంది. సమీకరణంలో పెరుగుదల వేగాన్ని నిర్ణయించే r విలువ 0.1 అయితే కొన్ని వందల కాల యూనిట్లు పడుతుంది. దాన్ని చూసి "పుట్టిన కొన్నాళ్లకి దిశా ఎంపిక మొదలవుతుంది" అని రిపోర్టులో రాసేస్తారు! ప్రతి అడుగులో వాస్తవ భాగమే ఉంచుకునే కోడ్‌లో అయితే ఆ రంగులు ఎప్పటికీ రావు.

పరిష్కారం: రెండు భాగాలకీ విడివిడిగా నాయిస్ వేయండి. లూప్ ముందు కల్పిత భాగం గరిష్ఠ విలువ ప్రింటు చేయండి, వాస్తవ భాగంతో సమాన స్థాయిలో ఉండాలి. ఒక్క లైను పని, ఎవరూ చేయరు.

సమస్య: పిన్‌వీల్స్ వచ్చి, జంటలుగా మాయమై, పొందూరు చీర అంచులా చారలు మిగిలాయి.

ఇది కోడ్ తప్పు కాదు. స్థానిక ఘన పదం (ఆ బిందువు విలువ మీదే ఆధారపడేది) ఒక్కటే ఉంటే మోడల్ నడిచేది అటే. ఈ మాయమవడాన్ని వుల్ఫ్, గైజెల్ 1998లోనే చూపించారు. నిలబెట్టాలంటే దూర న్యూరాన్ల పరస్పర చర్య పదాలు కలపాలి.

సమస్య: పిన్‌వీల్ సాంద్రత (రంగులు తిరిగొచ్చే దూరం, అంటే తరంగదైర్ఘ్యం, భుజంగా ఉన్న చతురస్రంలో పిన్‌వీల్స్ సంఖ్య) జంతువుల్లో కొలిచిన 3.14 దరిదాపుల్లో లేదు.

తరంగదైర్ఘ్యం స్పెక్ట్రమ్ శిఖరం నుంచి తీశారా? లెక్క నడిపే పెట్టె పది తరంగదైర్ఘ్యాలైనా ఉందా? చాలామందికి ఇక్కడే తేలిపోతుంది. టైమ్ స్టెప్ వల్ల, ఎలియాసింగ్ (గ్రిడ్ చాలక తప్పుడు తరంగాలు రావడం) వల్ల తప్పు రావడం అరుదు, స్టెప్ ఓసారి సగం చేసి చూసి ముందుకి పొండి. పోలికకి ఫెర్రెట్, ట్రీ ష్రూ, గలాగో అనే జంతువుల లెక్కలు తీసుకోండి, 2010లో అచ్చయినవి. ఎలుకతో పోల్చకండి, దాని కార్టెక్స్‌లో దిశలు కలగాపులగంగా ఉంటాయి, మ్యాపే ఉండదు.