ఆరోగ్య పథకం ముసాయిదాపై అభిప్రాయం రాయడం – ఐదో పాఠం: “మా అత్తగారికి నయమైంది”

ఈసారి ఖర్చు లెక్కల్లోకి వెళ్దామని కిందటి పాఠంలో రాశాను. వెళ్లడం లేదు. నాలుగో పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చదివాక, మోకాలి దగ్గరే ఇంకో పాఠం ఆగక తప్పదనిపించింది.

అభ్యాసం గుర్తుందిగా. మోకాళ్లు అరిగినవారికి ఆర్థ్రోస్కోపీతో (చిన్న కోతల గుండా సన్నని కెమెరా గొట్టం, పరికరాలు పంపే పద్ధతి) కీలు కడిగి, లోపల చెత్త గీకి తీసే ఆపరేషన్‌కు ఇకపై డబ్బు చెల్లించబోమని ఒక పథకం ముసాయిదా విడుదల చేసిందనుకుని, దానిపై ఒక పేజీ అభిప్రాయం రాయమన్నాను. చాలామంది ఒకే దారి పట్టారు. మా అత్తగారికి చేయించాం, ఇప్పుడు తిరుమల మెట్లెక్కుతున్నారు. మా బాబాయికి గుజ్జు అరిగిపోయిందన్నారు, ఆపరేషన్ అయ్యాక హాయిగా తిరుగుతున్నారు. పేదలకు ఈ సౌకర్యం తీసేయడం అన్యాయం. కొందరేమో సరిగ్గా ఎదురు దారి పట్టారు: ఫలానా పెద్ద డాక్టరుగారు ఇది దండగని యూట్యూబ్‌లో చెప్పారు, కాబట్టి తీసేయాల్సిందే.

ఈ రెండు రకాల ఉత్తరాలనూ ముసాయిదాపై అభిప్రాయాలు పరిశీలించే కమిటీ “అందింది” అని నమోదు చేసుకుని పక్కన పెడుతుంది. వాటితో చేయడానికి మరే పనీ ఉండదు.

శాతాల దగ్గర ఎవరూ తడబడలేదు కనుక ఆ ఊసు ఎత్తను. చీటీ తీసి రోగులను గుంపులుగా విడదీయడం ఎందుకో కూడా మళ్లీ చెప్పను, అది రెండో పాఠం. నాకు మింగుడుపడనిది “నయమైంది” అన్న మాట ఒక్కటే.

మోకాలి నొప్పి రోజూ ఒకేలా ఉండదు. చలికాలంలో ఒకలా, పెళ్లి పనుల్లో తిరిగిన వారంలో ఒకలా ఉంటుంది. మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లేది ఎప్పుడు? ఇక భరించలేననుకున్న రోజున. అంటే నొప్పి బాగా పైకెక్కి ఉన్న రోజున. అక్కడి నుంచి అది ఎంతో కొంత దిగడమే మామూలు, ఏ వైద్యం చేసినా, చేయకపోయినా. ఆ దిగే వారాల్లో ఆపరేషన్ జరిగితే పేరు ఆపరేషన్‌కు వస్తుంది. పసరు కట్టు కట్టిస్తే పసరుకు వస్తుంది. పైగా ఆపరేషన్ అయిన మనిషిని ఇంట్లోవాళ్లు బిందె ఎత్తనివ్వరు, వేళకు మాత్రలు ఇస్తారు, ఫిజియోథెరపీకి తీసుకెళ్తారు. అంత డబ్బు పోశాక తగ్గలేదని చెప్పడానికి నోరు రాదు. తగ్గుతుందన్న నమ్మకంతోనే కొంత నొప్పి నిజంగా తగ్గుతుంది కూడా. మీ అత్తగారు అబద్ధం చెబుతున్నారని నేననడం లేదు. ఆమెకు నొప్పి తగ్గింది, మెట్లు ఎక్కారు. దేనివల్ల తగ్గిందో మాత్రం ఆమె మోకాలు చెప్పలేదు, ఆపరేషన్ లేకపోతే అదే మోకాలు ఎలా ఉండేదో ఎవరూ చూడలేదు గనక.

“కానీ పది మందికి తగ్గింది కదా” అని ఒకరు రాశారు. పది మందీ నొప్పి ముదిరినప్పుడే వెళ్లారు. వెయ్యి మందైనా అంతే. సంఖ్య పెరిగితే ఈ లోపం పోదు. “డాక్టరు స్వయంగా చూశారు కదా” అన్నారు ఇంకొకరు. డాక్టరూ ఆపరేషన్‌కు ముందు, తరువాత మాత్రమే చూశారు. తగ్గనివాళ్లలో చాలామంది ఆయన దగ్గరికి తిరిగి రారు, ఇంకొకరి దగ్గరికి వెళ్తారు.

దీన్ని తేల్చడానికి అమెరికాలో, హ్యూస్టన్ నగరంలోని మాజీ సైనికుల ఆస్పత్రిలో బ్రూస్ మోస్లీ అనే సర్జన్, ఆయన సహచరులు చేసిన పని వివరంగా తెలుసుకోవాలి. ఆ పరిశోధన 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మోకాళ్లు అరిగిన 180 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు కీలు కడిగారు. ఒక గుంపుకు కడగడంతోపాటు లోపల గీకి శుభ్రం చేశారు. మూడో గుంపుకు ఉత్తుత్తి ఆపరేషన్. ఎవరు ఏ గుంపో చెప్పే కవరును రోగి ఆపరేషన్ గదిలోకి వచ్చాకే తెరిచారు. ఉత్తుత్తి గుంపువారికి మత్తు ఇచ్చి, మోకాలి మీద సెంటీమీటరు పొడవున మూడు కోతలు పెట్టారు. సర్జన్ మామూలుగానే పరికరాలన్నీ అడిగి తీసుకున్నారు, కాలు అటూ ఇటూ కదిపారు, కడుగుతున్న చప్పుడు వచ్చేలా సెలైన్ చిలకరించారు. కీలులోకి మాత్రం ఏదీ పోనివ్వలేదు. ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉంచారు, వారిని చూసుకున్న నర్సులకు కూడా ఎవరు ఏ గుంపో తెలియదు. రెండేళ్లు గమనించారు. నిజంగా ఆపరేషన్ అయినవారికి ఉత్తుత్తి గుంపుకన్నా నొప్పి తక్కువగా ఉన్న దశ ఆ రెండేళ్లలో ఒక్కటీ లేదు. నడకలోనూ తేడా లేదు.

ఈ పేరా రెండుసార్లు చదివాక “మా అత్తగారికి నయమైంది” అన్న వాక్యం మీ ఉత్తరంలోంచి తనంతట తనే రాలిపోవాలి.

మరి పరిశోధన ముందు నోరు మూసుకోవలసిందేనా? అక్కర్లేదు. నేను ఏ పరిశోధన తీసుకున్నా సారాంశం చివర చదువుతాను. ముందు చూసేది రోగుల వివరాల పట్టిక, దాని పక్కనే “ఎవరిని చేర్చుకోలేదు” అన్న పేరా. కాగితం మీద అచ్చు తీసుకుని పెన్సిలుతో గీస్తాను, తెర మీద చదివితే ఆ పేరా కంటికి ఆనదు. హ్యూస్టన్ కాగితంలో పెన్సిలు ఆగే చోట్లు కొన్ని ఉన్నాయి. మాజీ సైనికుల ఆస్పత్రి కాబట్టి రోగుల్లో దాదాపు అందరూ మగవారే. ఆపరేషన్లన్నీ ఒకే సర్జన్ చేశారు. అర్హులైన 324 మందిలో 144 మంది చేరడానికి ఒప్పుకోలేదు. అభ్యంతరం చెప్పదలచినవారు పట్టుకోవలసిన కొసలు ఇవి.

పట్టుకున్నవారు ఉన్నారు. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ ఈ ఆపరేషన్‌కు చెల్లించాలా వద్దా అని పరిశీలించినప్పుడు, ఎముకల డాక్టర్ల సంఘాలు “మా రోగులు బాగుపడుతున్నారు” అని ఊరుకోలేదు. వట్టి నొప్పి ఉన్నవారు వేరు, కీలులో ముక్క ఊడి ఇరుక్కుని మోకాలు పట్టేసేవారు వేరు, రెండో రకాన్ని విడిగా చూడాలి అన్నాయి. 2004 జూన్ నుంచి అమలైన నిర్ణయంలో ఆ విభజన కనిపిస్తుంది. అరిగిన మోకాలికి కడగడం ఒక్కటే అయితే చెల్లింపు లేదు. నొప్పి తప్ప మరో లక్షణం లేనివారికి, అరుగుదల బాగా ముదిరినవారికి గీకి శుభ్రం చేయడానికీ లేదు. మోకాలు పట్టేయడం వంటి లక్షణాలున్నవారి విషయం స్థానికంగా తేల్చుకోమని వదిలారు. తరువాత 2008లో కెనడా నుంచి వచ్చిన పరిశోధన, ఈసారి ఆడవారూ ఎక్కువగా ఉన్నది, ఫిజియోథెరపీ, మందులకు తోడు ఆపరేషన్ చేసినా అదనపు లాభం లేదని తేల్చింది. అంటే “అందరూ మగవారే” అన్న అభ్యంతరానికి 2004లో ఉన్న బలం ఇప్పుడు లేదు. అభ్యంతరాలకూ కాలం చెల్లుతుంది, పాత ఉత్తరం నకలు పంపకండి.

ఇప్పుడు ఒక వాక్యం ఎలా మారాలో చూడండి. మీలో ఒకరు రాసింది: “ఈ ఆపరేషన్ తీసేస్తే కూలి పని చేసుకునేవారు చాలా ఇబ్బంది పడతారు.” దీన్ని నేను ఇలా రాస్తాను: “ఆపరేషన్ తీసేస్తే మిగిలేది ఫిజియోథెరపీ. వారానికి రెండుసార్లు మండలం నుంచి జిల్లా ఆస్పత్రికి వచ్చే కూలీకి ఆ రెండు రోజుల కూలి పోతుంది. ముసాయిదాలో మండల స్థాయి ఫిజియోథెరపీకి చెల్లింపు చేర్చండి.” బాధ అదే. అయితే ఈ వాక్యం కమిటీని ఒక పని చేయమంటోంది. అది పరిశోధనలో దొరికే సంగతి కూడా కాదు. ప్రజాభిప్రాయ సేకరణ పెట్టేదే ఇలాంటి వాక్యాల కోసం.

సాక్ష్యం తనంతట తాను నిర్ణయం కాలేదనడానికి అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. అక్కడ పేదల వైద్య పథకం కోసం 1989లో చట్టం చేశారు. దాన్ని నడిపించిన జాన్ కిట్జాబర్ స్వయంగా డాక్టరు, అప్పట్లో రాష్ట్ర సెనేట్ అధ్యక్షుడు. జబ్బు–చికిత్స జంటలన్నిటినీ ప్రాధాన్య క్రమంలో పేర్చి, బడ్జెట్ ఎక్కడిదాకా సరిపోతే అక్కడ గీత గీయాలన్నది ఆలోచన. 1990లో వచ్చిన మొదటి జాబితాను ఖర్చుకు ఎంత ప్రయోజనం అన్న సూత్రంతో కంప్యూటర్ పేర్చింది. పంటికి తొడుగు వేయడం ఒక మెట్టు పైన, గర్భసంచి బయట నిలిచిన గర్భానికి ఆపరేషన్ ఒక మెట్టు కింద వచ్చాయి. తొడుగు చవక, ఆపరేషన్ ఖరీదు. సూత్రం తన లెక్క తాను చేసింది. ఆపరేషన్ లేకపోతే ఆ తల్లి చనిపోవచ్చన్న సంగతి లెక్కలో ఉండవలసినంత లేదు.

జాబితా తయారుచేసే బాధ్యత ఉన్న కమిషన్ దాన్ని పక్కన పెట్టి, చికిత్సలను 17 వర్గాలుగా చేసి, ప్రాణాంతకమైనా చికిత్సతో పూర్తిగా కోలుకునే జబ్బులను అన్నిటికన్నా పైన ఉంచింది. వర్గాల క్రమానికి రాష్ట్రమంతటా జరిగిన 47 సభల్లో జనం చెప్పిన విలువలను ఆధారం చేసుకుంది. 1991 జాబితాలో 709 వరుసలుంటే 587 దగ్గర గీత పడింది. వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమని అమెరికా కేంద్ర ప్రభుత్వం 1992లో కాదన్నది, మార్పుల తరువాత 1993లో ఒప్పుకుంది, 1994 ఫిబ్రవరిలో పథకం మొదలైంది.

అయితే ఆ 47 సభలకు వచ్చినవారిలో ఎక్కువమంది ఆరోగ్య రంగంలో పనిచేసేవారే. ఏ పేదల కోసం జాబితా తయారవుతోందో వారు చాలా కొద్దిమందే. హ్యూస్టన్ కాగితం మీద పెన్సిలుతో గీసిన ప్రశ్ననే ఇక్కడా గీయాలి. ప్రజాభిప్రాయం అని రాసిన ప్రతి చోటా ఆ ప్రజల్లో ఎవరు లేరో వెతకండి. మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి జాబితాలో మన జబ్బు ఉందా అని చూసుకోవడం అలవాటైంది. ఎవరిని అడిగి పెట్టారని ఆరా తీయడం ఇంకా అలవాటు కాలేదు.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. ఫిన్లాండ్‌లో 146 మందిపై ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చి చేసిన పరిశోధన 2013లో వచ్చింది. వయసుతోపాటు మోకాలిలోని మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) చిరిగినవారిలో, ఆ చిరుగును కత్తిరించి సరిచేసినా ఏడాది తరువాత ఉత్తుత్తి గుంపుకన్నా మెరుగు కనిపించలేదు. దెబ్బ తగిలి చిరిగినవారిని, మోకాలు అరిగినవారిని అందులో చేర్చుకోలేదు. ఈ ఆపరేషన్‌ను ఏ వయసువారికీ, ఏ కారణానికీ చెల్లించబోమని ముసాయిదా వచ్చిందనుకోండి. మూడు అభిప్రాయాలు రాయండి: కబడ్డీ ఆడుతూ పడిపోయిన ఇరవై ఏళ్ల అబ్బాయి తండ్రిగా ఒకటి, అరవై ఏళ్ల బీడీ కార్మికురాలిగా ఒకటి, పథకం డబ్బుకు లెక్క చెప్పవలసిన అధికారిగా ఒకటి. ఒక్కోటి పన్నెండు వాక్యాలు దాటకూడదు. ప్రతిదానిలో ముసాయిదాలోని ఏ మాట తీసేసి ఏ మాట పెట్టాలో ఉండాలి. అధికారి ఉత్తరంలో మిగతా ఇద్దరికీ జవాబు ఉండాలి. “నయమైంది” అన్న మాట కనిపిస్తే అక్కడితో చదవడం ఆపేస్తాను.

ఖర్చు లెక్కలు ఆరో పాఠంలో.