గ్రూప్ ఒకటి, మనసు ఇంకొకటి: సీటు అవకాశం లెక్క వేసుకోవడం ఎలా

విశాఖపట్నం మద్దిలపాలెంలో నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. ఈఏపీసెట్ (ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ సీట్లకి రాష్ట్ర ప్రవేశ పరీక్ష) అప్లికేషన్లు, వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో వరసగా పెట్టే జాబితా), డిగ్రీ అడ్మిషన్లు ఇక్కడే నింపుతుంటాం. ఏటా జూన్‌లో కొందరు పిల్లలు అమ్మతోనో నాన్నతోనో వస్తారు, కానీ ఇద్దరి మధ్యా మాటలుండవు. "ఎంపీసీ చదివాడు బాబూ, ఇప్పుడు ఇంజినీరింగ్ వద్దంటున్నాడు. ఏటి చెయ్యాలి?" అని పెద్దవాళ్లు అడుగుతారు.

రెండేళ్ల కిందట ఆ మాట మా అక్కే అడిగింది. మేనకోడలు బైపీసీ సెకండియర్‌లోకి వచ్చిన నెలకే "మావయ్యా, నాకు డాక్టర్ వద్దు, లా చదువుతాను" అంది. గాజువాకలో అక్క వాళ్లింట్లో ఆ రాత్రి ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. చదివిందంతా బూడిదలో పోసిన పన్నీరైందని అక్క ఏడుపు. మర్నాడు దుకాణం మూశాక ముగ్గురం కూర్చుని లెక్క వేశాం. అప్పటి నుంచి నా దగ్గరికొచ్చే ప్రతి పిల్లాడికీ అదే లెక్క చెబుతున్నాను.

ముందు చూడాల్సింది ర్యాంకు కాదు, అర్హత. మీ గ్రూపుతో ఏ తలుపు తెరిచి ఉంది, ఏది మూసుకుంది అన్నది మొదట తేల్చుకోండి. లా, బీకాం, బీఏ, సీఏ ఫౌండేషన్, నిఫ్ట్ (ఫ్యాషన్ కాలేజీ)లో డిజైన్ డిగ్రీ వంటి వాటికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు. బైపీసీ పిల్లలకి నీట్ కాకుండా ఈఏపీసెట్‌తోనే బీఫార్మసీ, ఫార్మ్‌డీ, బీఎస్సీ అగ్రికల్చర్ ఉన్నాయి. కానీ బైపీసీతో కంప్యూటర్ సైన్స్ బీటెక్ అంటే కుదరదు, దానికి మ్యాథ్స్ కావాలి. ఎంపీసీ వాళ్లు మెడిసిన్‌కి మళ్లాలంటే బయాలజీ ఉండాల్సిందే. ఇంటర్ పాసయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసి నీట్‌కి కూర్చోవచ్చని 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. దారి ఉంది, కానీ ఒక ఏడాది పోతుంది. ఆ ఏడాది ఖర్చు ఎవరు భరిస్తారో ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

అర్హతలో చిన్న అక్షరాల్లో ఉండేవీ చదవాలి. ఓడల డిజైన్ చదవాలని వచ్చిన ఒక ఎంపీసీ కుర్రాడు మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులు మాత్రమే చూసుకున్నాడు. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీకి ఆ మూడింట్లో సగటున 60 శాతంతో పాటు టెన్త్‌లో గానీ ఇంటర్‌లో గానీ ఇంగ్లిష్‌లో 50 శాతం ఉండాలి. అదృష్టం బాగుండి అతనికి ఉన్నాయి.

ఇక ఆఖరి ర్యాంకులు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో కాలేజీ, బ్రాంచి వారీగా పోయిన ఏడాది ఎంత ర్యాంకు వరకు సీటు వచ్చిందో పట్టిక ఉంటుంది. దాన్ని ఫోన్‌లో చూడకండి. ఏ3 కాగితం మీద ప్రింట్ తీయించండి. అడ్డంగా ఓసీ, బీసీ-ఏ నుంచి బీసీ-ఈ వరకు, ఎస్సీ, ఎస్టీ, ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో ఆర్థికంగా వెనకబడిన వాళ్ల కోటా), మళ్లీ ప్రతి దాంట్లో అబ్బాయిలు, అమ్మాయిలు విడివిడిగా ఉంటాయి. ఫోన్ తెరని జరుపుతుంటే పక్క గడిలోకి వెళ్లిపోతాం. నేను స్కేలు పెట్టి, పిల్లల కేటగిరీ గడి ఒక్కటే పై నుంచి కింద దాకా పసుపు హైలైటర్‌తో గీసి ఇస్తాను. మిగతావి మీకు అనవసరం.

ఒక్క ఏడాది చూస్తే చాలదు, మూడేళ్లవి పక్కపక్కన పెట్టండి. ఒక కాలేజీలో మీ గడిలో 21 వేలు, 26 వేలు, 24 వేలు ఉన్నాయనుకోండి. మీ ర్యాంకు 20 వేల లోపైతే దాదాపు వస్తుంది. 24 వేలైతే రావచ్చు, రాకపోవచ్చు. 30 వేలైతే ఆశ పెట్టుకోకండి, కానీ ఆప్షన్లలో పైన పెట్టుకోండి, నష్టం లేదు. అయితే ఆ పట్టిక మొదటి విడతదా, చివరి విడతదా అన్నది తప్పక చూడండి. చివరి విడతలో ఇంకా వెనక ర్యాంకుల వాళ్లకీ సీట్లు వస్తాయి. దాన్ని చూసి మొదటి విడతలో ధీమాగా నాలుగే ఆప్షన్లు పెట్టి, సీటు రాక కన్నీళ్లు పెట్టుకున్న పిల్లని నేను చూశాను.

ఇంకో మాట. ఈఏపీసెట్ ర్యాంకులో పరీక్షకి 75 శాతం, ఇంటర్ గ్రూప్ సబ్జెక్టులకి 25 శాతం వెయిటేజీ. మనసు మారింది కదా అని ఇంటర్‌ని వదిలేస్తే ఆ దెబ్బ ఇక్కడ తగులుతుంది. డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లకైతే ఇంటర్ మార్కులే ఆధారం. ఫస్టియర్ మార్కులు బాగా తగ్గితే సప్లిమెంటరీ సమయంలో ఇంప్రూవ్‌మెంట్ రాసుకోండి.

మా మేనకోడలి విషయానికి వస్తాను. సబ్బవరంలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. గాజువాకకి దగ్గరే కాబట్టి సులువుగా వస్తుందని అక్క అనుకుంది. దగ్గరగా ఉండడానికీ సీటుకీ సంబంధం లేదు, అక్కడ సీటు క్లాట్‌ (జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష)తో వస్తుంది, దేశమంతా రాస్తుంది. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకి పావు మార్కు కోత. అదే రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్‌లో 120 ప్రశ్నలకి గంటన్నర, నెగెటివ్ మార్కులు లేవు.

పాత క్లాట్ పేపర్లు తెచ్చి వారానికొకటి, గోడ గడియారం ముందు పెట్టుకుని రాయమన్నాను. అయిదు వారాల్లో 48, 55, 71, 52, 57 వచ్చాయి. ఇంట్లో అందరూ 71 దగ్గరే ఆగిపోయారు. నేను మార్కుల్ని తక్కువ నుంచి ఎక్కువకి వరస పెట్టి, మధ్యన వచ్చిన 55 తీసుకున్నాను. మీరూ అంతే చేయండి. అన్నిటికన్నా మంచి మార్కు మీ స్థాయి కాదు, అన్నిటికన్నా చెడ్డదీ కాదు. కోచింగ్‌లో పెట్టే వీక్లీ టెస్టుల్ని ఇందులో కలపకండి. ముందు రోజు చదివిన చాప్టర్ మీద వచ్చిన మార్కు అసలు పరీక్షలో రాదు.

55తో జాతీయ స్థాయి సీటు కష్టమని తనకి సూటిగానే చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకుంది. ఎన్ని రోజులున్నాయో కూడా లెక్క పెట్టాం. క్లాట్ డిసెంబరులో, ఇంటర్ పబ్లిక్ పరీక్షలు ఆ తర్వాత రెండు మూడు నెలలకే. రోజుకి రెండు గంటలు లాకి, మిగతాది బైపీసీకి అనుకున్నాం. క్లాట్ రాసింది, అనుకున్నట్టే రాలేదు. లాసెట్‌తో అయిదేళ్ల కోర్సులో చేరింది. ముందే తెలుసు కాబట్టి ఆ రోజు ఇంట్లో ఎవరికీ టెన్షన్ లేదు.

సర్టిఫికెట్లు చివరికి వదిలేయకండి. సీటు చేతి దాకా వచ్చి పోయేది వీటి దగ్గరే. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఒక ఫైల్‌లో పెట్టండి. లోకల్ కోటా తేల్చేది అవే. మధ్యలో హైదరాబాదులోనో భువనేశ్వర్‌లోనో చదివి ఉంటే ముందే హెల్ప్‌లైన్ సెంటర్‌లో అడిగి తెలుసుకోండి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానికి ఆ సంవత్సరమే చెల్లుతుంది. పోయిన ఏడాది అన్నయ్యకి తీసింది ఉంది కదా అనుకోకుండా, ఏప్రిల్ దాటగానే పిల్లల పేరు మీద కొత్తది తీయించండి.