వౌచరుతో అద్దె ఇల్లు: చూడబోయే ముందే వేసుకోవలసిన లెక్క

అమెరికాలో సెక్షన్ 8 హౌసింగ్ వౌచరు (తక్కువ ఆదాయం ఉన్నవారి అద్దెలో కొంత ప్రభుత్వం భరించే సాయం) ఉన్నవారికి తరచుగా ఎదురయ్యే చికాకు ఒకటుంది: ఇల్లు నచ్చి, దరఖాస్తు రుసుము కట్టి, యజమాని ఒప్పుకున్న తరువాత, అద్దె పరిమితి దాటిందని వౌచరు ఇచ్చిన హౌసింగ్ సంస్థ తిప్పి పంపుతుంది. ఈలోగా వౌచరు గడువు తరిగిపోతుంది. మొదట ఇచ్చే గడువు 60 రోజులే కావచ్చు.

అందుకని ముందుగానే స్థానిక హౌసింగ్ సంస్థను అడిగి, మీ పడకగదుల సంఖ్యకూ వెతుకుతున్న ప్రాంతానికీ వర్తించే పేమెంట్ స్టాండర్డును (అద్దె, బిల్లులు కలిపి సాయం లెక్కకు సంస్థ తీసుకునే గరిష్ఠ మొత్తం), యుటిలిటీ అలవెన్సు (కరెంటు, హీటింగు వంటి బిల్లులకు సంస్థ వేసే నెలవారీ అంచనా) పట్టికను, మినహాయింపులు పోగా వారు నిర్ధారించిన మీ నెల ఆదాయాన్ని రాసుకోవాలి. సాధారణంగా మీ వాటా ఆ ఆదాయంలో సుమారు 30 శాతం. కొత్త ఇంటికి అద్దె, బిల్లులు కలిపి పేమెంట్ స్టాండర్డును మించినప్పుడు మీ వాటా 40 శాతం దాటకూడదు. కాబట్టి పేమెంట్ స్టాండర్డుకు ఆదాయంలో 10 శాతం కలిపి, మీరే కట్టుకోవలసిన బిల్లుల అలవెన్సును తీసివేస్తే గరిష్ఠ అద్దె తేలుతుంది. ఉదాహరణకు స్టాండర్డు 1,500 డాలర్లు, ఆదాయం 2,000, అలవెన్సు 150 అయితే, 1,550 డాలర్ల వరకు చూడవచ్చు. అదే కరెంటు, హీటింగు బిల్లులన్నీ యజమానే కట్టే ఇల్లయితే 1,700 వరకు వెళ్లవచ్చు; ప్రకటనలు చదివేటప్పుడు ఈ తేడాను చాలామంది పట్టించుకోరు.

అయితే చుట్టుపక్కల వౌచరు లేనివారు ఉండే అటువంటి ఇళ్ల అద్దెలతో సంస్థ పోల్చి చూస్తుంది కనుక, యజమాని వాటికన్నా ఎక్కువ అడిగితే, లెక్కకు సరిపోయిన ఇల్లయినా ఆమోదం పొందదు.