కడప వీధుల్లో సువార్తకు బయల్దేరే ముందు

బైబిల్లో మొదటి పేతురు 3:15 మళ్లీ చదవండి. మనం ఎందుకు నమ్ముతున్నామో ‘అడిగినవాళ్లకు’ జవాబు చెప్పమంది, అదీ ‘సాత్వికముతో’. మనం రెండో సగం మింగేస్తాం.

కరపత్రాలు చేతికివ్వండి, బండి సీట్ల మీద పడేయొద్దు.

ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి ముస్లింలు కూడా వచ్చే ఊరు ఇది. ఇంకొకరి దేవుణ్ణి తక్కువ చేసి మాట్లాడొద్దు. నేనొకసారి నోరు జారాను. మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టిన పెద్దమ్మ మొహం చిన్నబోయింది. సారీ చెప్పడానికి మళ్లీ వెళ్లా. మజ్జిగ మళ్లీ ఇచ్చింది, మాట మాత్రం కలపలేదు.

జబ్బు మనిషి ఉంటే ‘ప్రార్థన చేయమంటారా’ అని అడగండి. మందులు మానమని అనొద్దు. బియ్యం, డబ్బు ఆశ చూపొద్దు. పెద్దవాళ్లు లేని ఇంట్లో పిల్లలతో మొదలుపెట్టొద్దు.

మిట్టమధ్యాహ్నం తలుపు తట్టకండి. ఈ ఎండకు అందరికీ కావాల్సింది కునుకు.